దక్షిణం గోడకి మొదటి మేకు

ఏసోబుకి గోడలో వైర్లు దాచడం బాగా వచ్చు. దాచిన సంగతి దాచుకోవడం రాదు.

అతను నాగుల్ మీరా గారి శిష్యుడు. మీరా గారు నలభై ఏళ్ళుగా మా ఊరికి కరెంటు మేస్త్రీ. ఆయన దగ్గర పని నేర్చుకుంటామని వచ్చినవాళ్ళలో సగంమంది నిచ్చెన మూడో మెట్టు మీద కళ్ళు తిరిగి దిగిపోయారు. మిగతా సగం, ఫ్యాను బిగించడం రాగానే హైదరాబాదు బస్సెక్కారు. పద్నాలుగేళ్ళు ఆయన వెనకే నడిచినవాడు ఏసోబు ఒక్కడే.

ఇప్పుడతనికి ముప్పై రెండేళ్ళు. ఇద్దరు పిల్లలు. అయినా ఎవరింట్లో లైటు ఆరిపోయినా "మీరా గారి కుర్రాణ్ణి పిలవండి" అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా అతను మీసం సర్దుకునేవాడు. ఎవరైనా ఒక్కసారి "ఏసోబు మేస్త్రీ" అంటే చాలని అతని ఆశ. వాళ్ళావిడ ఒకసారి అంది గాని, అది కూర మాడిన రోజు. లెక్కలోకి రాదు.

మేస్త్రీ కావడానికి మా వైపు పరీక్షలేం లేవు. మీరా గారి ఎడమ భుజం మీద ఎప్పుడూ ఒక ఉక్కు స్ప్రింగు చుట్ట ఉంటుంది. గోడలోని పైపుకి ఈ కొసన దాన్ని దూరిస్తే ఆ కొసన తేలుతుంది. దాని చివర వైరు కట్టి వెనక్కి లాగుతారు. అలాంటి స్ప్రింగు ఏ కరెంటు సామాన్ల కొట్లో అయినా దొరుకుతుంది. కానీ ఈయనది ఆయన గురువు ఇచ్చింది. నలభై ఏళ్ళ రాపిడికి వెండిలా మెరుస్తుంది. అది ఎవరి భుజం మీద ఉంటే వాడే మేస్త్రీ.

మీరా గారికి ఇంకో గుర్తు కూడా ఉంది. ఎడమచేతి నడిమి వేలు పైకణుపు దగ్గర వంకర తిరిగి ఉంటుంది. పెళ్ళిలో మైకు గొట్టం మీద పడిందని కొందరంటారు. సైకిలు చెయిన్లో ఇరుక్కుందని కొందరంటారు. మా ఇంట్లో చెప్పుకునే కథ వేరే ఉంది, అది ఇక్కడ రాయదగింది కాదు. ఆయన్ని అడిగితే "వేలు కదా, వంగుతుంది" అనేవారు.

ఇలా ఉండగా రామతారకం కొత్త హాలు కట్టడం మొదలుపెట్టాడు.

రామతారకం మిరపకాయల వ్యాపారి. మా ఎదురిల్లే. యార్డులో ముప్పై ఏళ్ళు బేరాల కేకలు విని విని ఎడమ చెవి మందగించింది. ఆయన హోం థియేటరు కొన్నాడు. ఐదు స్పీకర్లు, ఒక వూఫరు. ఒకదాంట్లోంచి వినపడకపోయినా ఇంకోదాంట్లోంచి వినపడకపోతుందా అని కావచ్చు. అన్నీ పాత హాల్లో పట్టలేదు. అందుకని ఇంటికి తూర్పున ఉన్న ఖాళీ జాగాలో కొత్త హాలు లేపాడు. పిల్లల కోసం గది కట్టినవాళ్ళున్నారు, అల్లుడి కోసం కట్టినవాళ్ళున్నారు. స్పీకర్ల కోసం కట్టింది మా మండలంలో ఆయన ఒక్కడే.

"సినిమాలో వాన పడితే మన వెనకాల కూడా పడాలి ఏసోబూ," అన్నాడు తారకం. "కానీ గోడమీద ఒక్క వైరు కనపడకూడదు."

"మీకు కాదు, కట్టిన నాకే కనపడదు తారకం గారూ," అన్నాడు ఏసోబు.

సరిగ్గా అప్పుడే మీరా గారి కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. నెల రోజులు దుమ్ములోకి పోవద్దన్నాడు డాక్టరు. పైపుల కోసం గోడలో గాడి కొట్టేచోట దుమ్ము తప్ప ఇంకేముంటుంది. ఆయన ఏసోబుని ఇంటికి పిలిచారు.

"ఈ హాలు నువ్వొక్కడివే చెయ్యరా. నెలయ్యాక వచ్చి చూస్తాను. గోడ నాకు నచ్చితే స్ప్రింగు నీది."

ఏసోబు ఆ మాట ఎవరికీ చెప్పలేదు. అతను బయల్దేరి టీకొట్టు దాకా వచ్చేసరికే ఊరందరికీ తెలిసింది. అదెలాగో మాకూ అర్థం కాలేదు.

ఆ నెల అతను పనిచేసిన తీరు మాత్రం చెప్పుకోదగ్గదే. తెల్ల కాగితాలమీద హాలు బొమ్మ గీశాడు. టీవీ ఉత్తరం గోడకి. ముందు స్పీకర్లు దాని పక్కన. వెనక స్పీకర్లు రెండూ దక్షిణం గోడ పైమూలల్లో. వూఫరు ఆ గోడకే పడమటి మూలన, నేలమీద. తారకం కూర్చోబోయే సోఫా చోట సుద్దతో గీత గీసి, అక్కడ స్టూలేసుకుని కూర్చుని, నాలుగు మూలల్లోనూ చప్పట్లు కొట్టమని తాపీ మేస్త్రీ వెంగయ్యని తిప్పాడు. వెంగయ్య ఆ రోజు గోడకట్టు కంటే చప్పట్లే ఎక్కువ కొట్టాడు. సాయంత్రం కూలి అడిగేటప్పుడు భజన కూలి వేరే అన్నాడు.

వైరు ఎంత తక్కువ దూరం పోతే సౌండు అంత శుభ్రంగా ఉంటుందని ఏసోబు ఫోనులో ఎక్కడో చూశాడు. మలుపులుంటే వైరు లాగడం కష్టం. అందుకని దక్షిణం గోడమీద పైపులు ఏటవాలుగా వేశాడు. సౌండు పైపు తూర్పు మూల అడుగు నుంచి పడమటి మూల నెత్తికి. కరెంటు పైపు తూర్పువైపు స్విచ్చి బోర్డు నుంచి పడమటి మూల అడుగున ఉన్న వూఫరుకి. కరెంటు వైరూ సౌండు వైరూ పక్కపక్కన నడిస్తే స్పీకర్లో గుయ్యిమంటుంది, ఒకదాన్నొకటి అడ్డంగా దాటితే ఏమీ కాదు. ఆ సంగతి అతనికి తెలుసు. అందుకే గోడకి సరిగ్గా నడుమన అవి దాటుకునేలా చూశాడు.

గాడి కొట్టి పైపులు పరిచిన రోజు చూస్తే గోడమీద పెద్ద ఇంటూ గుర్తు ఉంది. బడిలో తప్పు లెక్కకి మేష్టారు కొట్టే ఇంటూ లాంటిది. అప్పుడు మాలో ఎవరికీ అలా తోచలేదు. తర్వాత తోచింది.

వెంగయ్య దానిమీద సిమెంటు పూత పూశాడు. ఆరాక గోడ అద్దంలా ఉంది.

నెల తిరిగాక మీరా గారు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చారు. భుజాన స్ప్రింగు చుట్ట. ఏసోబు ఆయన్ని చెయ్యిపట్టుకుని దక్షిణం గోడ దగ్గరికి తీసుకుపోయాడు.

"గురువుగారూ, ఈ గోడలో రెండు పైపులున్నాయి. ఎక్కడున్నాయో చెప్పండి."

మీరా గారు గోడమీద అరచెయ్యి ఆనించి, ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా నడిచారు. వంకర వేలు గోడకి తగలకుండా కాస్త ఎడంగా ఉంది. మళ్ళీ వెనక్కి నడిచారు.

"తెలియలేదురా," అన్నారు.

ఏసోబు ముఖం వెలిగిపోయింది. తారకం కూడా తానే పైపులు వేసినట్టు గడ్డం నిమురుకున్నాడు.

మీరా గారు ఖాళీ సిమెంటు బస్తాల దొంతర మీద కూర్చున్నారు.

"భ్రమరాంబా," అని పిలిచారు. భ్రమరాంబ తారకం భార్య. ఆయన్ని బాబాయ్ అంటుంది. "మీ అత్తగారి ఫొటో ఎక్కడుందమ్మా?"

"పాత హాల్లో, బీరువా మీద పెట్టాను బాబాయ్. రంగులయ్యాక ఇక్కడే పెడదామని."

"తీసుకురా. ఒక మేకూ సుత్తీ కూడా తెచ్చుకో."

మా వైపు పోయినవాళ్ళు దక్షిణం గోడమీద ఉంటారు. ఏ ఇంటికి వెళ్ళినా అంతే. కొత్త గది కడితే మొదటి మేకు ఇంటావిడ కొడుతుంది. ఈ రెండు సంగతులూ ఏసోబుకి తెలియనివి కావు. వాళ్ళింట్లోనూ వాళ్ళ నాన్న ఫొటో దక్షిణానే ఉంది. చప్పట్ల హడావిడిలో మర్చిపోయాడు.

తారకం తల్లి సీతారత్నమ్మ గారు పోయి రెండేళ్ళయింది. ఆవిడకి టీవీ అంటే ప్రాణం. సాయంత్రం సీరియల్ మొదలయితే, ఇంటికి నిప్పంటుకుందన్నా ప్రకటనలు రానీ అనే మనిషి. అందుకని భ్రమరాంబ ముందే అనుకుంది, అత్తయ్య టీవీకి సరిగ్గా ఎదురుగా ఉండాలని. ఫొటో తెచ్చి గోడకి ఆనించి, నడుమన మేకు పెట్టి సుత్తి ఎత్తింది.

"అక్కా, కొంచెం పక్కకి," అన్నాడు ఏసోబు.

ఆవిడ జానెడు పక్కకి జరిపింది.

"ఇంకొంచెం."

ఇంకో జానెడు జరిపింది.

"అక్కడా వద్దక్కా. పైకి."

పైకి పెట్టింది.

"అంత పైకి కాదు."

"తమ్ముడూ, మా అత్తయ్య బతికున్నప్పుడు కూడా నన్నింత తిప్పలేదు," అంది భ్రమరాంబ. అప్పటికి మేకు గోడ అంచుకి, తలుపు చట్రం దగ్గరికి వచ్చింది. "ఇక్కడ పెడితే ఆవిడకి టీవీ కాదు, వీధిలో పోయేవాళ్ళు కనపడతారు."

"అదీ చూసేది లే," అన్నాడు తారకం. "తూర్పు గోడకి పెట్టరాదూ?"

"మీ అమ్మని మీ ఇష్టం వచ్చిన దిక్కున పెట్టుకోండి. నేను మాత్రం దక్షిణానే పెడతాను."

భ్రమరాంబ మళ్ళీ నడుమకి వచ్చి మేకు ఆనించింది. ఏసోబు చప్పున ముందుకి వెళ్ళి, అక్కడ గోడమీద తన అరచెయ్యి పరిచాడు.



మీరా గారు ఆ చెయ్యి వైపే చూస్తున్నారు. నల్ల కళ్ళద్దాల్లోంచి ఏం చూస్తున్నారో చెప్పడం కష్టం.

"చెయ్యి తియ్యరా," అన్నారు మెల్లగా.

ఏసోబు తియ్యలేదు.

"ఎన్నాళ్ళు పెట్టుకుని నిలబడతావు?"

జవాబు కోసం ఆయన ఆగలేదు. స్ప్రింగు చుట్ట భుజాన సర్దుకుని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర ఏసోబు ఎవరూ అడగకుండానే మాట్లాడాడు.

"ఒక్క మేకు కోసం గోడంతా పగలగొట్టాలా? ఎవరికైనా మేకు కొట్టాలనిపిస్తే నాకొక ఫోను చేస్తే చాలు. ఎక్కడ కొట్టాలో నేను చెప్తాను."

"వాళ్ళ మనవలు కొట్టాలన్నా?" అన్నాడు వెంగయ్య.

"వాళ్ళూ చెయ్యచ్చు."

"అయితే ఆ ఫోను నంబరు ఒక బోర్డుమీద రాయించి గోడకి తగిలించు."

"తగిలిస్తా."

"దేనికి తగిలిస్తావు? మేక్కా?"

కొట్టంతా నవ్వింది. ఏసోబు టీ సగంలో పెట్టేసి లేచాడు. మేం ఆ నవ్వు కాస్త ఆలస్యంగా ఆపాం.

మర్నాడు పొద్దున్నే అతను తారకం ఇంటికి వచ్చాడు. నేనూ అప్పుడే పేపరు కోసం అక్కడికి వెళ్ళాను. మా ఇంటికీ పేపరు వస్తుంది, కానీ వాళ్ళది కూడా చూస్తే మంచిది.

అతను రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం తెచ్చాడు. పాత హాల్లో దక్షిణం గోడ ఉంది కదా. ఫొటో అక్కడే పెట్టేస్తే గొడవ ఉండదు.

"ఇక్కడ మేకులు బోలెడున్నాయక్కా," అన్నాడు భ్రమరాంబతో. "ఆవిడ ఇన్నేళ్ళు తిరిగిన హాలు. ఇక్కడయితేనే బాగుంటుంది."

"ఇక్కడ టీవీ ఏదీ?" అంది ఆవిడ, బియ్యం ఏరుకుంటూ.

ఏసోబు పాత గోడ దగ్గరికి వెళ్ళి ఖాళీ మేకు కోసం చూశాడు. క్యాలెండరు, గడియారం, పెళ్ళి ఫొటో, పోయిన తారకం నాన్నగారి ఫొటో, అద్దం, తాళాల గుత్తి, తారకానికి మిరప వ్యాపారుల సంఘంవాళ్ళు ఇచ్చిన బిళ్ళ. వాటి మధ్య ఉత్త మేకులు నాలుగైదు. అన్నీ కలిపి పదకొండు. ఒక వరసా లేదు, ఒక ఎత్తూ లేదు. ఎవరికెక్కడ తోస్తే అక్కడ కొట్టినవి.

అతని చూపు స్విచ్చి బోర్డు మీద పడింది.

ఈ హాలుకి వైరింగు చేసింది మీరా గారే, ముప్పై ఏళ్ళ కిందట. ఏసోబు అప్పుడు ఇంకా పలక పట్టుకోలేదు. ఈ గోడ పగలగా అతను చూడలేదు, ఈ పైపుల బొమ్మ ఎవరూ అతనికి చూపించలేదు. అయినా బోర్డు మీద చెయ్యి వేసి, అక్కడినుంచి నిట్టనిలువుగా పైకి జరిపాడు. స్లాబు కిందకి వచ్చాక చెయ్యి తనంతట తనే పక్కకి తిరిగింది. ఫ్యాను కొక్కెం ఎదుట ఆగింది.

ఆ దారిలో ఒక్క మేకూ లేదు. బోర్డుకి నేరుగా పైన మేకు కొట్టకూడదని మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. ఎవరు చెప్పారంటే ఎవరికీ గుర్తులేదు.

అతను చెయ్యి దించాడు. దించుతూ గోడ నడుమ ఆగాడు. అరచేతికి ఏదో తగిలింది. పక్కనుంచి వెలుతురు పడేలా తల వంచి చూశాడు. సున్నాల పొరల కింద, ఏటవాలుగా, బోర్డు దగ్గర్నుంచి ఎదుటి మూల దాకా, బెత్తెడు వెడల్పున ఒక మచ్చ. ఎప్పుడో పగలగొట్టి మళ్ళీ పూడ్చిన గాడి.

"ఇదేంటక్కా?"

భ్రమరాంబ బియ్యంలోంచి తల ఎత్తింది.

"అదా. ఈ హాలు కట్టిన కొత్తలో సంగతి. నేను కాపరానికి రాకముందు. అత్తయ్య చెప్పి నవ్వుకునేది. మీరా బాబాయ్ అప్పట్లో ఐమూలగా పైపు వేశాడట. అత్తయ్యకి తెలియదుగా, క్యాలెండరుకి మేకు కొట్టబోయింది. బాబాయ్ ఆ మూలనుంచి పరిగెత్తుకొచ్చి గోడకి చెయ్యి అడ్డం పెట్టాడట. అప్పటికే సుత్తి దిగింది."

"దిగి?"

"దిగి ఏముంది, వేలు వంకర పోయింది. ఆ చేతికి కట్టు కట్టుకునే మర్నాడు వచ్చి గోడ మొత్తం తనే పగలగొట్టుకున్నాడట. ఎవరికీ చెప్పొద్దమ్మా అన్నాడట. అత్తయ్య నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు."

ముప్పై ఏళ్ళుగా ఎదురింట్లో ఉంటూ ఈ సంగతి నాకు తెలియకపోవడం కొంచెం బాధ అనిపించింది. పేపరు మడిచి పెట్టేశాను.

ఏసోబు ఆ మచ్చమీద అరచెయ్యి పెట్టి, ఆ కొస దాకా జరిపి చూశాడు. తర్వాత కొత్త హాల్లోకి వెళ్ళాడు. కాసేపటికి ఉలి దెబ్బలు వినపడ్డాయి.

తారకం పరిగెత్తుకొచ్చాడు. కుడి చెవి బాగానే పనిచేస్తుంది.

"ఏంటయ్యా ఇది. ఆదివారం పదిమందిని పిలిచాను."

"ఆదివారానికి అయిపోతుంది తారకం గారూ."

"మొన్నే అయిపోయిందన్నావు."

"మొన్న నాకు అయిపోయింది," అన్నాడు ఏసోబు. మళ్ళీ ఉలి ఆనించాడు.

మధ్యాహ్నానికి వెంగయ్య వచ్చి గుమ్మంలో నిలబడి చూశాడు. తను అద్దంలా తీర్చిన గోడ నేలమీద కుప్పగా ఉంది.

"నా పూత మీద రంగు పడకముందే పగలగొట్టినవాణ్ణి నిన్నే చూశాను. మీరా గారు పగలగొట్టమన్నారా?"

"అనలేదు."

"మరి?"

ఏసోబు ఉలి జరిపి ఇంకో దెబ్బ వేశాడు. వెంగయ్య కొంచెంసేపు ఆగాడు, టీకొట్టు దగ్గర వేసినట్టు ఇంకో మాట వేద్దామని. ఏమనుకున్నాడో, చొక్కా విప్పి మేక్కి తగిలించబోయాడు. ఆ హాల్లో ఇంకా మేకు లేదు. చొక్కా కిటికీ చువ్వకి కట్టి, తాపీ తీసుకున్నాడు.

ఈసారి సౌండు పైపు తూర్పు మూలలో నిలువుగా పైకెక్కింది. స్లాబు కింద వెంబడి నడిచి పడమటి మూలకి చేరింది. కరెంటు పైపు బోర్డు కిందనుంచి తిన్నగా దిగి, నేల వెంబడి వూఫరు దాకా పోయింది. మలుపులు నాలుగు పెరిగాయి. వైరు ఇరవై అడుగులు ఎక్కువ పట్టింది. గోడ నడుమ ఇటుకలు తప్ప ఇంకేం లేవు.

ఆదివారం నాలుగింటికి తారకం పదిమందిని పిలిచాడు, పద్నాలుగుమందిమి వెళ్ళాం. హాల్లో కుర్చీలు వేశారు. తారకం సుద్దగీత ఉన్న చోట, సోఫాలో, రిమోటు పట్టుకుని కూర్చున్నాడు. ఫ్యాను తిరుగుతోంది. వూఫరు మీద ఎర్రదీపం వెలుగుతోంది.

"ఒక్క నిమిషం తారకం గారూ," అన్నాడు ఏసోబు.

సంచిలోంచి సుత్తీ, రెండంగుళాల మేకులు నాలుగూ తీసి భ్రమరాంబ చేతిలో పెట్టాడు.

"కానివ్వక్కా."

"ఎక్కడ కొట్టను?"

"మీ ఇష్టం."

"మళ్ళీ పక్కకి జరగమంటావా?"

"అననక్కా."

"మెయిన్ ఆపనా?" అన్నాడు తారకం, రిమోటు గుండెకి ఆనించుకుని.

"అక్కర్లేదు," అన్నాడు ఏసోబు. టీ గ్లాసు తీసుకుని వరండాలోకి వెళ్ళి, వీధివైపు తిరిగి మెట్టుమీద కూర్చున్నాడు. అక్కడినుంచి దక్షిణం గోడ కనపడదు.

ఆ సమయానికే మీరా గారు గేటు తీసుకుని వచ్చారు. వచ్చి అతని పక్కన మెట్టుమీద కూర్చున్నారు.

లోపల మొదటి దెబ్బ పడింది.

ఏసోబు టీ తాగుతూనే ఉన్నాడని రాయాలని ఉంది. గ్లాసు మెట్టుమీద పెట్టేశాడు.

రెండో దెబ్బ. మూడు.

"సౌండు మూలలో పైకెక్కి స్లాబు కింద నడుస్తుంది," అన్నారు మీరా గారు, వీధివైపు చూస్తూ. "కరెంటు బోర్డు కింద దిగి నేల వెంట పోతుంది. నడుమ గోడ సీతారత్నమ్మ గారిది."

ఏసోబు ఆయన వైపు తిరిగాడు.

"ఎప్పుడొచ్చి చూశారు గురువుగారూ?"

"నేనింకా చెప్పులే విప్పలేదురా."

నాలుగో దెబ్బ పడింది. తర్వాత కాసేపు చప్పుడు లేదు. ఫొటో దారం మేక్కి తగిలించి, వంకర ఉందా లేదా అని వెనక్కి జరిగి చూసేంత సేపు.

మీరా గారు భుజం మీంచి స్ప్రింగు చుట్ట తీశారు. వంకర వేలు దానికి ఒకసారి చిక్కుకుంది. విడిపించుకుని, చుట్టని ఏసోబు భుజానికి తగిలించారు. గ్లాసులో మిగిలిన టీ ఆయనే తీసుకుని తాగారు.

కిటికీలోంచి భ్రమరాంబ తొంగి చూసింది. సుత్తి ఇంకా చేతిలోనే ఉంది. ఏసోబు భుజం మీద మెరుస్తున్న చుట్టని ఒక క్షణం చూసింది.

"మేస్త్రీ," అంది. "అత్తయ్య ఒక్కతే ఏం చూస్తుంది, మామయ్యగారిని కూడా పక్కన పెడదామనుకుంటున్నా. ఆయనకి ఎక్కడ కొట్టమంటావు?"

ఏసోబు వెనక్కి తిరగలేదు.

"అది మీ గోడ అక్కా," అన్నాడు.